జింకకైనా ఎల్క్‌కైనా ఒకటే రైఫిల్: బోల్ట్ యాక్షన్ ఎలా ఎంచుకోవాలి?

టైటిల్ చూసి "ఏంటి బ్రో, ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు వదిలేసి తుపాకుల మీద పడ్డావ్" అని సగం మంది అనుకుంటూ ఉంటారు. కారణం ఉంది. అమెరికాలో ఉన్న మన వాళ్ళ దగ్గర్నుంచి ఈ మధ్య ఒకే రకం మెసేజ్ పదే పదే వస్తోంది. అందులో ఒకటి చదువుతాను.

"అన్నా, నేను కొలరాడోలో ఉంటున్నా. ఆఫీసులో వాళ్ళతో పాటు హంటింగ్ కోర్సు చేసి లైసెన్స్ తీసుకున్నా. ఈ ఏడాది డీర్, వచ్చే ఏడాది ఎల్క్ అనుకుంటున్నాం. షాపులో .300 విన్చెస్టర్ మాగ్నమ్ తీసుకో, ఏది ఎదురొచ్చినా పడిపోతుంది అంటున్నారు. తీసుకోమంటావా?"

తమ్ముడూ, ఒక్క ముక్కలో జవాబు: వద్దు. ఎందుకు వద్దో, బదులుగా ఏం చూడాలో చెప్పడానికే ఈ ఎపిసోడ్. నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు రెండేళ్ళు డెన్వర్‌లో క్లయింట్ దగ్గర పనిచేశాను. అక్కడే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేశాను, రేంజ్‌కి వెళ్ళేవాణ్ణి, సీజన్లో మా టీమ్‌లో ఒకాయనతో పాటు కొండలెక్కాను. నేనేమీ పెద్ద వేటగాణ్ణి కాదు. కానీ ఒక వస్తువు కొనే ముందు లెక్క ఎలా వేసుకోవాలో చెప్పగలను.

ముందుగా ఇండియాలో చూస్తున్న వాళ్ళకి ఒక మాట. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పంటలు పాడుచేసే అడవిపందుల లాంటి వాటి విషయంలో కూడా అధికారుల అనుమతి ఉంటేనే, వాళ్ళు చెప్పిన పద్ధతిలోనే. కాబట్టి ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా అమెరికా గురించి. అక్కడ ఏ జంతువుని, ఏ తేదీల్లో, ఎన్నింటిని వేటాడాలో ప్రతి రాష్ట్రం లెక్కగట్టి లైసెన్స్ ఇస్తుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్ళు, తూటాల మీద తయారీదారు కట్టే 11 శాతం పన్ను అడవుల, జంతువుల సంరక్షణకే వెళ్తుంది. వేట మీకు నచ్చినా నచ్చకపోయినా అక్కడి వ్యవస్థ అది.

రైఫిల్ కన్నా ముందు వీసా

ఈ భాగం మాత్రం దయచేసి స్కిప్ చేయకండి. ఎఫ్1 మీద చదువుకుంటున్నా, హెచ్1బి మీద ఉద్యోగం చేస్తున్నా మీరు నాన్-ఇమ్మిగ్రెంట్ కిందకే వస్తారు. అలా వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ, తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనకి పనికొచ్చేది ఒక్కటే: అమెరికాలో చట్టప్రకారం జారీ అయిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ మీ దగ్గర ఉండాలి. గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్ళకి ఈ అడ్డంకి లేదు.

"గడువు తీరని" అన్న మాట దగ్గరే చాలామంది దొరికిపోతారు. ఉదాహరణకి టెక్సాస్‌లో మామూలు వార్షిక హంటింగ్ లైసెన్స్ ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్ 1న మీ క్లోజెట్‌లో రైఫిల్ ఉంది, చేతిలో కొత్త లైసెన్స్ లేదు. అప్పుడు మిమ్మల్ని కాపాడే మినహాయింపు కూడా లేనట్టే. ఫెడరల్ తుపాకీ కేసు అంటే జైలు ఒక్కటే కాదు, ఇమ్మిగ్రేషన్ కూడా పోతుంది. పదేళ్ళ కష్టం ఒక రెన్యూవల్ మర్చిపోయినందుకు పోతుంది. ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి.

ఇంకోటి. ఊరి నుంచి అమ్మానాన్న విజిటర్ వీసా మీద వస్తారు. "ఒకసారి పట్టుకో నాన్నా, ఫోటో తీస్తా" అంటాం. వాళ్ళకీ ఇదే రూల్ వర్తిస్తుంది, వాళ్ళ దగ్గర హంటింగ్ లైసెన్స్ ఉండదు. ఆ ఫోటో వద్దు. షాపులో నింపే ఫారమ్‌లో వీసా గురించి అబద్ధం రాస్తే అది వేరే నేరం. రాష్ట్రాల చట్టాలు దీని మీద ఇంకొన్ని షరతులు పెడతాయి. మీ పరిస్థితిలో ఏ కాస్త గజిబిజి ఉన్నా, తుపాకీకి పెట్టే డబ్బులో కొంత ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌కి పెట్టండి.

బోల్ట్ అంటే మన గడియే

సరే, పేపర్లు అయ్యాయి. బోల్ట్ యాక్షన్ అంటే ఏంటి? పాత ఇళ్ళలో తలుపుకి ఇనప గడియ ఉంటుంది కదా. పిడి పైకెత్తి, వెనక్కి లాగితే తలుపు తెరుచుకుంటుంది. ముందుకి తోసి, పిడి కిందకి దించితే బిగుసుకుంటుంది. ఈ రైఫిల్ పని కూడా అచ్చం అంతే. పిడి ఎత్తి వెనక్కి లాగితే కాలిపోయిన ఖాళీ తొడుగు బయటకి ఎగిరిపోతుంది. ముందుకి తోస్తే మ్యాగజైన్ నుంచి కొత్త తూటా బారెల్ లోపలికి వెళ్తుంది. పిడి దించితే బోల్ట్‌కి ఉన్న పళ్ళు లోపలి గాళ్ళలో పడి లాక్ అవుతాయి. పేలుడు ఒత్తిడి మొత్తాన్ని ఆ పళ్ళే ఆపుతాయి.

జర్మనీలో పీటర్ పాల్ మౌజర్ 1898లో తెచ్చిన డిజైన్‌కి వారసులే ఇవాళ మార్కెట్లో ఉన్న చాలా బోల్ట్ రైఫిళ్ళు. మన సినిమాల్లో పోలీసుల చేతిలో చూసే త్రీ నాట్ త్రీ కూడా బోల్ట్ యాక్షనే, కాకపోతే అది లీ-ఎన్‌ఫీల్డ్ కుటుంబం. బెంగాల్‌లోని ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలో లైసెన్స్‌దారుల కోసం తయారయ్యే .315 రైఫిల్ కూడా ఆ కుటుంబమే.

వేటకి ఇదే ఎందుకంటే, కదిలే భాగాలు తక్కువ, చలిలో, మట్టిలో మొరాయించడం తక్కువ, పెట్టిన డబ్బుకి గురి బాగుంటుంది. లోడ్ అయి ఉందా లేదా అన్నది బోల్ట్ తెరిచి కళ్ళతో చూసుకోవచ్చు, వేలితో తడిమి చూసుకోవచ్చు. ఇంకొకటి, ఇది నెమ్మది. ఒకటి పేల్చాక రెండోదానికి చెయ్యి కదిలించాలి. నా దృష్టిలో కొత్తవాళ్ళకి ఇదే పెద్ద లాభం. మొదటి గుండే సరిగ్గా పడాలి అన్న ఆలోచన దానంతట అదే వస్తుంది.

ముందు జంతువు, తర్వాత తూటా

ఫోన్ కొనేటప్పుడు "నాకు దేనికి కావాలి" అని అడుగుతాం కదా. ఇక్కడా అంతే. మీడియం గేమ్ అంటే వైట్‌టెయిల్ డీర్, మ్యూల్ డీర్, ప్రాంగ్‌హార్న్, అడవిపంది. లార్జ్ గేమ్ అంటే ఎల్క్, మూస్. అలాస్కా గోధుమరంగు ఎలుగు, ఆఫ్రికా దున్న లాంటివి ప్రమాదకర జంతువులు, వాటి లెక్క వేరు, ఈ ఎపిసోడ్‌లో లేదు.

సైజులు చెప్తాను. మ్యూల్ డీర్ మగది సుమారు 70 నుంచి 110 కిలోలు. ఎల్క్ మగది 300 కిలోల పైనే, అంటే మన నల్లమల కణుజు కన్నా కాస్త పెద్దదే అనుకోండి. టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి ఇంకో ఆశ్చర్యం: మన చుక్కల దుప్పి అక్కడ ఉంది! 1930ల్లో అక్కడికి తెచ్చిన దుప్పులు ర్యాంచ్‌లు దాటి హిల్ కంట్రీ అంతా పాకిపోయాయి. అక్కడ వాటి పేరు యాక్సిస్ డీర్. మన దగ్గర చట్టం కాపాడే జంతువుకి అక్కడ నిషేధ కాలమే లేదు, లైసెన్స్ ఉంటే ఏడాది పొడవునా వేటాడొచ్చు.

అసలు పాయింట్ ఇది. రైఫిల్ గుండు జంతువుని తోసి పడగొట్టదు. సినిమాలో విలన్ గాల్లో ఎగిరి పడ్డట్టు ఏమీ జరగదు. గుండు ఊపిరితిత్తుల్నో, గుండెనో ఛేదిస్తే రక్తపోటు పడిపోయి, జంతువు క్షణాల్లో స్పృహ తప్పుతుంది. ఆ కీలక భాగం డీర్‌కి సుమారు 8 అంగుళాల వెడల్పు, అంటే పెళ్ళి భోజనాల్లో టిఫిన్ పేపర్ ప్లేట్ అంత. ఎల్క్‌కి ఇంకాస్త పెద్దది. అక్కడ పడిన చిన్న గుండు పని పూర్తిచేస్తుంది. పొట్టలో పడిన పెద్ద గుండు ఆ జంతువుని గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి చంపుతుంది. కండరాలు, పేగులు చిరిగి అది పొదల్లోకి పోతుంది, మీకు దొరకదు. కాబట్టి "ఎంత పవర్" అన్నది రెండో ప్రశ్న. "ఆ ప్లేట్ మీద నేను గుండు పెట్టగలనా" అన్నది మొదటి ప్రశ్న.

తూటాల పేర్లు, తన్నే లెక్క

తూటాల పేర్లు చూస్తే ఎవరో జూనియర్ డెవలపర్ వేరియబుల్స్‌కి పెట్టిన పేర్లలా ఉంటాయి, ఒక పద్ధతి ఉండదు. .308 అంటే గుండు వ్యాసం 0.308 అంగుళాలు. .30-06 అంటే 30 క్యాలిబర్, 1906లో వచ్చింది. దీన్ని "థర్టీ ఆట్ సిక్స్" అని పలుకుతారు. దీని గుండు వ్యాసం కూడా 0.308 అంగుళాలే! కానీ తొడుగు పొడవు వేరు, ఒకదాని తూటా ఇంకోదాన్లో వాడకూడదు. బారెల్ మీద ఏ పేరు చెక్కి ఉందో, తూటా అడుగున, డబ్బా మీద అక్షరం అక్షరం అదే ఉండాలి.

ఇక ఎక్కువగా వినపడేవి: .243 విన్చెస్టర్, 6.5 క్రీడ్‌మోర్, .270 విన్చెస్టర్, 7ఎంఎం-08 రెమింగ్టన్, .308 విన్చెస్టర్, .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్, ఆపైన 7ఎంఎం రెమింగ్టన్ మాగ్నమ్, .300 విన్చెస్టర్ మాగ్నమ్. ఇందులో 6.5 క్రీడ్‌మోర్ 2007లో వచ్చిన కుర్రది, .30-06 వందేళ్ళు దాటిన పెద్దాయన. ఇద్దరూ ఇవాళ్టికీ పనిచేస్తున్నారు.

ఇప్పుడు బీటెక్ ఫస్టియర్ ఫిజిక్స్ కాసేపు. గుండు ముందుకెళ్తే రైఫిల్ వెనక్కి వస్తుంది, న్యూటన్ మూడో సూత్రం. గుండు మొమెంటమ్‌కి, దాని వెనక ఎగిరే వేడి వాయువుల మొమెంటమ్ కలపండి. ఆ మొత్తాన్ని వర్గం చేసి, రైఫిల్ బరువుకి రెట్టింపుతో భాగించండి. వచ్చేదే మీ భుజాన్ని తన్నే శక్తి. స్కోప్‌తో కలిపి 3.6 కిలోల రైఫిల్ అనుకుని మామూలు తూటాలకి నేను వేసిన లెక్క ఇది, సుమారుగా:

.243కి 13 జౌల్స్.
6.5 క్రీడ్‌మోర్‌కి 17.
.308కి, 150 గ్రెయిన్ల గుండుతో, 21.
.30-06కి, 180 గ్రెయిన్ల గుండుతో, 29.
.300 విన్చెస్టర్ మాగ్నమ్‌కి, 180 గ్రెయిన్లతో, 40.

చూశారా, షాపులో చెప్పిన మాగ్నమ్ .308తో పోలిస్తే దాదాపు రెట్టింపు తన్నుతుంది. అదే లెక్కలో రైఫిల్ బరువు కింద ఉంది, గమనించండి. అదే .308ని "మోయడానికి హాయిగా ఉంటుంది" అని 2.7 కిలోల రైఫిల్లో కొంటే, 21 కాస్తా 28 అవుతుంది.

తన్నితే ఏమవుతుంది, మగాడు ఓర్చుకోవాలి అంటారా? నొప్పి సమస్య కాదు. నాలుగైదు సార్లు తన్నాక మీ మెదడు నేర్చేసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణానికి ముందే కళ్ళు మూస్తుంది, భుజం బిగపడుతుంది, బారెల్ మూతి కిందకి వాలుతుంది. దీన్ని ఫ్లించ్ అంటారు. మీకు తెలియకుండానే జరుగుతుంది. రేంజ్‌లో దీన్ని పట్టుకోవడానికి చక్కటి పరీక్ష ఉంది. మీ ఫ్రెండ్‌ని నిజం తూటాల మధ్య ఒకటో రెండో డమ్మీలు కలిపి, మీకు చూపించకుండా లోడ్ చేయమనండి. డమ్మీ వచ్చినప్పుడు "టిక్" మని శబ్దం మాత్రమే వస్తుంది. ఆ క్షణంలో మూతి కదలకుండా ఉంటే మీరు బాగా కాలుస్తున్నారు. కిందకి ఊగిందంటే ఫ్లించ్ ఉంది. ఫ్లించ్ ఉన్నవాడి చేతిలో మాగ్నమ్ కన్నా, లేనివాడి చేతిలో 6.5 క్రీడ్‌మోర్ ఎన్నో రెట్లు నయం.

"మరి చిన్న తూటా ఎల్క్‌కి సరిపోతుందా?" కొలరాడో చట్టమే ఒక కనీస గీత గీసింది. క్యాలిబర్ .24 కన్నా తగ్గకూడదు. గుండు బరువు డీర్‌కి కనీసం 70 గ్రెయిన్లు, ఎల్క్, మూస్‌కి కనీసం 85. వంద గజాల దగ్గర కనీసం 1,000 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలి. అంటే .243 కూడా చట్టం దాటుతుంది. కానీ చట్టం చెప్పేది పాస్ మార్కులు. ఎల్క్ భుజం ఎముక మందం, ఛాతీ లోతు. కొత్తవాళ్ళకి కాస్త వెసులుబాటు కావాలి.

అందుకని నా సలహా ఇలా. డీర్, పంది, దుప్పి మాత్రమే అయితే .243, 6.5 క్రీడ్‌మోర్, 7ఎంఎం-08, ఏదైనా చాలు. డీర్‌తో పాటు ఎల్క్ కూడా అయితే 7ఎంఎం-08, .270, .308, .30-06, ఈ నాలుగింట్లో మీ భుజానికి నచ్చింది. ఏదీ తేల్చుకోలేకపోతే .308 తీసుకోండి. ఏ ఊరి షాపులోనైనా తూటాలు దొరుకుతాయి, రకాలు ఎక్కువ, తన్నడం మధ్యస్థం. 7ఎంఎం-08ని తక్కువ అంచనా వేయకండి. కుమావూఁ కొండల్లో మనుషుల్ని తినే పులుల్ని వేటాడిన జిమ్ కార్బెట్‌ పేరు విన్నారు కదా, ఆయన వాడిన రైఫిళ్ళలో ఒకటి .275 రిగ్బీ, బోల్ట్ యాక్షన్. దాని శక్తి ఇంచుమించు ఇవాళ్టి 7ఎంఎం-08 అంతే.

మాగ్నమ్‌లు దండగా అంటే, కాదు. 400 గజాల దూరంలో ఏళ్ళ తరబడి సాధన ఉన్నవాళ్ళకి, బహిరంగ మైదానాల్లో వేటాడేవాళ్ళకి వాటి పని వాటిది. మొదటి రైఫిల్‌గా మాత్రం కాదు.

జంతువుని తాకేది గుండే

రైఫిల్ మీద వారం రోజులు రీసెర్చ్ చేసి, తూటాల దగ్గరకి వచ్చేసరికి ఏది చవకైతే అది కొంటాం. తలకిందులు! జంతువుని తాకేది రైఫిల్ కాదు, గుండు.

రేంజ్‌లో వాడే పూర్తి రాగి తొడుగు గుండ్లు వేటకి పనికిరావు, చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం కూడా. అవి విప్పారవు, సూదిలా అటు నుంచి ఇటు పోతాయి. వేటకి విప్పారే గుండు కావాలి. మామూలు సాఫ్ట్ పాయింట్ డీర్‌కి సరిపోతుంది. ఎల్క్‌కి సీసం, తొడుగు విడిపోకుండా అతికించిన బాండెడ్ రకం గానీ, మొత్తం రాగితో చేసిన గుండు గానీ తీసుకోండి. ఎముక తగిలినా ముక్కలు కాకుండా లోపలికి వెళ్తాయి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి ఇది ఛాయిస్ కాదు, 2019 జులై 1 నుంచి అక్కడ వేటకి సీసం గుండ్లు నిషేధం.

ఒక రకం తూటాతో స్కోప్ సరిచేసుకుని, వేటకి ఇంకో రకం తీసుకెళ్ళకండి. అదే రైఫిల్, అదే క్యాలిబర్, అయినా గుండు పడే చోటు మారిపోతుంది. టెస్టింగ్ ఒక బిల్డ్‌తో, ప్రొడక్షన్‌కి ఇంకో బిల్డ్ పంపినట్టు ఉంటుంది.

ఇక రైఫిల్ సంగతి

ఇవాళ మంచి కంపెనీల చవక బోల్ట్ రైఫిళ్ళు కూడా వేటకి కావాల్సిన దానికన్నా ఎక్కువ గురి ఇస్తాయి. రూగర్ అమెరికన్, శావేజ్ యాక్సిస్ లాంటివి తక్కువ బడ్జెట్‌లో నమ్మకంగా పనిచేసేవి. ఇంకాస్త పెట్టగలిగితే ఫిన్‌లాండ్‌లో తయారయ్యే టిక్కా టీ3ఎక్స్ బోల్ట్ నున్నగా జారుతుంది, ట్రిగ్గర్ బాగుంటుంది. విన్చెస్టర్ మోడల్ 70, రెమింగ్టన్ 700 దశాబ్దాల పాతవి, పేరున్నవి. సెకండ్ హ్యాండ్ రెమింగ్టన్ 700 కొంటే ఒక జాగ్రత్త: 2006 నుంచి 2014 మధ్య ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్‌తో వచ్చిన వాటిని, ట్రిగ్గర్ నొక్కకుండానే పేలే ప్రమాదం ఉందని 2014లో కంపెనీయే రీకాల్ చేసింది. అది రిపేరైందో లేదో తేల్చుకోకుండా డబ్బు ఇవ్వకండి.

షాపులో చూడాల్సినవి ఇవి. అనుమతి అడిగి, ఖాళీగా ఉందని ఇద్దరూ చూసుకుని, కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఆనించండి. కళ్ళు తెరిస్తే స్కోప్ నిండుగా కనపడాలి. మెడ చాచాల్సి వస్తే స్టాక్ పొడవు మీకు ఎక్కువ. అక్కడి రైఫిళ్ళు సాధారణంగా ఆరడుగుల మనిషి కోసం చేసినవి. మన సగటు ఎత్తువాళ్ళకి, ముఖ్యంగా అమ్మాయిలకి, పొట్టి స్టాక్ ఉన్న కాంపాక్ట్ మోడల్ సరిగ్గా కుదురుతుంది. ఎడమచేతి వాటమైతే ఎడమ వైపు బోల్ట్ ఉన్నదే అడగండి. సేఫ్టీ ఆన్‌లో ఉండగానే బోల్ట్ తెరిచి తూటా తీసేయగలిగే మోడల్ ఉత్తమం. వానలో, మంచులో తిరిగేవాళ్ళకి చెక్క కన్నా సింథటిక్ స్టాక్ నయం, తేమకి ఉబ్బదు. బరువు స్కోప్‌తో కలిపి మూడున్నర కిలోల దగ్గర ఉంటే మోయడానికీ కుదురుతుంది, తన్నడమూ తగ్గుతుంది.

స్కోప్‌కి 3-9 జూమ్ చాలు. పాతిక రెట్లు జూమ్ ఉన్నది కొంటే, దగ్గరగా వచ్చిన జంతువు అందులో గోధుమరంగు గోడలా కనపడుతుంది. స్కోప్‌ని పట్టి ఉంచే రింగులు, మౌంట్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి, అవి వదులైతే ఎంత ఖరీదైన స్కోప్ అయినా గురి తప్పుతుంది. కంటికి, స్కోప్‌కి మధ్య మూడు, మూడున్నర అంగుళాలు ఉండాలి. లేకపోతే కనుబొమ్మ మీద నెలవంక ఆకారంలో గాటు పడుతుంది.

బడ్జెట్ మొత్తం రైఫిల్ మీద పెట్టకండి. వెయ్యి డాలర్లు ఉంటే, సగం రైఫిల్‌కి, మిగతా సగం స్కోప్‌కీ, ప్రాక్టీస్ తూటాలకీ.

మీ దూరం ఎంత?

.308ని 200 గజాలకి గురి సరిచేస్తే, మామూలు 150 గ్రెయిన్ల గుండు 300 గజాల దగ్గర సుమారు 8, 9 అంగుళాలు కిందకి పడుతుంది. 400 దగ్గర రెండడుగులు. అంటే దూరం వంద గజాలు తప్పు అంచనా వేస్తే, ఊపిరితిత్తులు అనుకున్నది కాలు అవుతుంది.

అందుకే ఈ పరీక్ష. 8 అంగుళాల పేపర్ ప్లేట్ పెట్టండి. బెంచ్ మీద ఇసుక బస్తా ఆసరాతో కాదు, అడవిలో ఉన్నట్టు మోకాలి మీద కూర్చుని, చెట్టుకో కర్రకో ఆనుకుని ఐదు గుండ్లు కాల్చండి. ఐదుకి ఐదూ ప్లేట్‌లో పడిన దూరమే మీ దూరం. నాలుగు పడితే అది మీ దూరం కాదు, ముందుకి జరగండి. తూటా డబ్బా మీద ఎంత రాసి ఉన్నా, యూట్యూబ్‌లో ఎవరు 600 గజాలు కొట్టినా, మీ నంబర్ 120 అయితే 120.

మా టీమ్ ఆయన ముప్పై ఏళ్ళుగా వేటాడుతున్నాడు. నేను వెంట వెళ్ళిన రోజు ఎల్క్ ఒకటి చాలాసేపు ఎదురుగా నిలబడింది. స్కోప్‌లో చూస్తూనే ఉన్నాడు. దాని వెనక శిఖరం, శిఖరం అవతల ఏముందో కనపడదు. బోల్ట్ తెరిచి తూటా జేబులో వేసుకుని "లంచ్" అన్నాడు. రైఫిల్ గుండు మూడు కిలోమీటర్లకు పైగా వెళ్ళగలదు. వెనక మట్టి గట్టు కనపడకపోతే, అక్కడ జంతువు ఉన్నా లేనట్టే.

ఇంట్లో ఉన్నప్పుడు

చివరి భాగం, అన్నిటికన్నా ముఖ్యమైనది. అమెరికాలో తుపాకీ శుభ్రం చేస్తుండగా పేలి చనిపోయిన మన విద్యార్థి గురించి వార్తల్లో చూసే ఉంటారు. ఇక్కడ ఇంట్లో వాళ్ళకి కొడుకు దగ్గర తుపాకీ ఉందన్న సంగతే తెలియకపోవచ్చు. ఆ ఫోన్ కాల్ ఏ ఇంటికీ వెళ్ళకూడదు.

బోల్ట్ యాక్షన్‌లో దీనికి చాలా సులువైన పద్ధతి ఉంది. గదిలోంచి తూటాలన్నీ బయట పెట్టండి. మ్యాగజైన్ తీయండి. బోల్ట్ తెరిచి లోపల చూడండి, వేలు పెట్టి తడమండి. తర్వాత బోల్ట్‌ని మొత్తంగా రైఫిల్ నుంచి బయటకి లాగేసి టేబుల్ మీద పెట్టండి. చాలా మోడళ్ళలో ఒక బటనో, మీటో నొక్కితే వచ్చేస్తుంది. గడియ లేని తలుపు బిగుసుకోనట్టే, బోల్ట్ లేని రైఫిల్ పేలదు. అప్పుడే క్లీనింగ్ రాడ్ ముట్టుకోండి. ఎవరికైనా చూపించేటప్పుడూ ఇదే పద్ధతి. తాళం వేసిన సేఫ్‌లో రైఫిల్, వేరే తాళంలో తూటాలు. రూమ్మేట్లకి తాళాలు తెలియకూడదు. మందు పార్టీ ఉన్న రోజు సేఫ్ తెరవకూడదు. రీల్స్ కోసం అసలే వద్దు.

మిగతా రూల్స్ కోర్సులో నేర్పేవే: ప్రతి తుపాకీ లోడ్ అయి ఉందనే అనుకోండి, చంపకూడని దేనివైపూ మూతి తిప్పకండి, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకండి, లక్ష్యం ఏంటో, దాని వెనక ఏముందో తెలుసుకోండి. కొలరాడోలో రైఫిల్ సీజన్లో కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు నడుము పైన వేసుకోవాలి, తల మీద కూడా. అది ఫ్యాషన్ కాదు, పక్క కొండ మీద ఉన్న ఇంకో రైఫిల్‌కి మీరు మనిషని చెప్పే బోర్డు.

సో తమ్ముడూ, మెసేజ్ పెట్టినందుకు థ్యాంక్స్. నీ కార్ట్‌లోంచి మాగ్నమ్ తీసేయ్. .308 గానీ 7ఎంఎం-08 గానీ, నీ భుజానికి సరిపోయే స్టాక్, 3-9 స్కోప్, బాండెడ్ గుండ్లు. మిగిలిన డబ్బుతో రేంజ్‌కి వెళ్ళి ప్లేట్ మీద కాల్చు. సీజన్ మొదలయ్యేలోపు నీ దూరం ఎంతో నీకు తెలియాలి. తెలియకపోతే ఈ ఏడాది రైఫిల్ లేకుండా వెంట వెళ్ళు, చూసి నేర్చుకో. లైసెన్స్ ఎప్పుడు ముగుస్తుందో ఇవాళే ఫోన్లో పెట్టుకో. అలాగే ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నలకి విషయం చెప్పు.

అమెరికాలో ఉన్న ఫ్రెండ్ ఎవరైనా తుపాకీ కొనే ఆలోచనలో ఉంటే, వాళ్ళకి ఇందులో వీసా భాగం ఒక్కటైనా పంపండి. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.